దారానికి కట్టిన కెమెరా

సంక్రాంతి రోజుల్లో మేడల మీద ఎగిరే గాలిపటాలను చూసేవారికి సహజంగా కలిగే సందేహం ఒకటుంది. పలుచని కాగితమూ రెండు వెదురు పుల్లలూ తప్ప మరేమీ లేని ఆ పటం తన బరువును తాను మోసుకోవడమే గొప్పగా కనిపిస్తుంటే, దానికి కెమెరా కట్టి ఆకాశం నుంచి ఊరి ఫొటో తీయడం సాధ్యమయ్యే పనేనా? సాధ్యమే, డ్రోన్ల మాట అటుంచి, మనిషిని మోసే ఇంజను విమానం ఇంకా నేల విడవని కాలంలోనే ఆ పని జరిగింది. అయితే ఈ సందేహం వెలిబుచ్చేవారు దాదాపు అందరూ బరువు గురించే అడుగుతారు గానీ, బరువు ఇందులో తేలికగా తీరే చిక్కు. గాలి చాలినంతగా వీస్తే పటం కెమెరాను ఎత్తుకుపోతుంది, కానీ ఎత్తుకుపోయినదాన్ని కుదురుగా ఉంచదు, మట్టంగా నిలపదు, మీట నొక్కదు. ఈ మూడు పనులనూ చేసిపెట్టడానికి దారానికీ కెమెరాకూ నడుమ ఒక చట్రం కావాలి. గాలిపటంతో ఫొటోలు తీసే విద్యలోని తెలివి చాలావరకు ఆ చట్రంలోనే ఉంది, అది ఇంటి దగ్గర చేసుకోదగినంత సులువైనది కూడా.

గాలి ఎంత మోయగలదు

పటం ముందువైపు పుల్లలకు కట్టి ఒకచోట కలిపే దారాల కూర్పును సూత్రం అంటారు. పటం గాలికి ఏ వాలులో నిలబడాలో ఈ సూత్రమే నిర్ణయిస్తుంది. ఎదురొచ్చిన గాలి ఆ వాలు తలాన్ని తాకి కిందికి మళ్లుతుంది, గాలిని కిందికి తోసినందుకు ప్రతిగా పటానికి పైకి తోపు దొరుకుతుంది. ఈ తోపు పటం వైశాల్యాన్ని బట్టీ గాలి వేగాన్ని బట్టీ మారుతుంది గానీ రెండూ ఒకే తీరుగా పనిచేయవు: వైశాల్యం రెట్టింపైతే తోపు రెట్టింపవుతుంది, వేగం రెట్టింపైతే మాత్రం తోపు నాలుగు రెట్లవుతుంది. చెట్ల ఆకులూ సన్నని రెమ్మలూ ఎడతెగకుండా కదిలేటప్పుడు గాలి వేగం గంటకు 18 కిలోమీటర్ల వరకు ఉంటుందనుకోవచ్చు. ఆ గాలి తనకు అడ్డుగా నిలిచిన ఒక చదరపు మీటరు తలం మీద సుమారు ఒకటిన్నర కిలోల బరువుకు సమానమైన ఒత్తిడి కలిగిస్తుంది. అదే గాలి 36 కిలోమీటర్లకు చేరితే ఒత్తిడి ఆరు కిలోలవుతుంది. అందులో కొంత పటాన్ని వెనక్కి నెట్టడానికీ, కొంత పటం బరువుకూ, కొంత పొడవాటి దారం బరువుకూ ఖర్చయ్యాక మిగిలినదే కెమెరాకు దక్కుతుంది.

ఈ లెక్క ప్రకారం చదరపు మీటరులో నాలుగో వంతు కూడా లేని పండుగ పటం సెల్‌ఫోనును మోయలేదు. రెండు చదరపు మీటర్ల గుడ్డ పటం మాత్రం మామూలు గాలిలోనే 200 గ్రాముల ఫోనునూ అంతే బరువున్న చట్రాన్నీ కలిపి ఇబ్బంది లేకుండా ఎత్తగలదు. చిక్కల్లా అదే పటం గాలి హెచ్చినప్పుడు నాలుగింతల బలంతో లాగడం వల్ల వస్తుంది, కనుక ఈ పనిలో తలపండినవారు మెల్లని గాలికి పెద్ద పటాన్నీ జోరుగాలికి చిన్న పటాన్నీ విడివిడిగా ఉంచుకుంటారు.

పటాల్లో ఈ పనికి ఎక్కువ పేరున్నది జపాన్‌లోని నీగాతా ప్రాంతానికి చెందిన రొక్కాకు. ఆరు మూలల ఈ పటానికి నిలువు వెన్నుపుల్ల ఒకటి, అడ్డపుల్లలు రెండు ఉంటాయి. అడ్డపుల్లలను వెనక దారం బిగించి విల్లులా వంచడం వల్ల తోక లేకుండానే నిలకడగా ఎగురుతుంది. 1964లో అమెరికాకు చెందిన డొమినా జాల్బర్ట్ రూపొందించిన పారాఫాయిల్ మరో రకం. దీనికి అసలు పుల్లలే ఉండవు, గుడ్డ గదుల్లోకి గాలి చొరబడి వాటిని ఉబ్బించినప్పుడే దానికి ఆకారం వస్తుంది. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో జరిగే అంతర్జాతీయ పతంగుల పండుగలో జంతువుల ఆకారాల్లో తేలే భారీ పటాలు చాలావరకు ఇలా గాలితో ఉబ్బేవే. మడిచి సంచిలో పెట్టుకోవడానికి పారాఫాయిల్ ఎంతో అనుకూలం, కానీ గాలి ఒక్కసారి ఆగిపోతే పుల్లల పటం నెమ్మదిగా తేలుతూ దిగుతుంది, పారాఫాయిల్ ముడుచుకుపోయి కెమెరాతో సహా నేరుగా కిందికి వస్తుంది. అందువల్ల కెమెరా విలువ పెరిగే కొద్దీ పుల్లల పటం వైపు మొగ్గడమే మంచిది.

లాబ్రుగియేర్‌లో వెలిగించిన వత్తి

ఆకాశం నుంచి తొలి ఫొటో గాలిపటం తీసినది కాదు. ఫ్రాన్స్‌లో నాదార్ 1858లోనే బెలూన్ ఎక్కి ఫొటోలు తీశాడు, అవి నిలవలేదు. 1860లో జేమ్స్ వాలెస్ బ్లాక్ బోస్టన్ నగరాన్ని బెలూన్ నుంచి తీసిన ఫొటో నేటికీ ఉంది. బెలూన్‌కు వాయువు కావాలి, మనిషి ఎక్కాలి, ఖర్చు భరించాలి. మనిషి నేల మీదే ఉండి కెమెరాను మాత్రమే పంపే ఉపాయాన్ని 1888లో దక్షిణ ఫ్రాన్స్‌లోని లాబ్రుగియేర్ అనే చిన్న ఊళ్లో ఆర్తూర్ బతూ అమలు చేసి చూపించాడు, రెండేళ్ల తర్వాత ఆ పద్ధతి మీద పుస్తకమూ ప్రచురించాడు.

బతూ తన కెమెరాను పటం వెన్నుపుల్లకే బిగించాడు. మీట నొక్కే పనిని నిదానంగా కాలే వత్తికి అప్పగించాడు: పటాన్ని వదిలే ముందు వత్తిని అంటిస్తే, పటం పైకి చేరి కుదుటపడే వేళకు నిప్పు చివరిదాకా పాకి, షట్టరును పట్టి ఉంచిన దారాన్ని కాల్చేది, దారం తెగగానే షట్టరు ఒక్కసారి తెరుచుకుని మూసుకునేది. ఫొటో పడిందో లేదో కింద ఉన్నవారికి తెలియడానికి, అదే క్షణంలో ఒక కాగితపు ముక్క ఊడి గాలిలోకి ఎగిరే ఏర్పాటు కూడా ఉండేది. పటం ఎంత ఎత్తుకు చేరిందో తెలుసుకోవడానికి గాలి ఒత్తిడిని కొలిచే చిన్న పరికరాన్ని కూడా పైకి పంపాడు. ఇంత శ్రమకూ ఒక ఎగురవేతకు దక్కేది ఒకే ఒక ఫొటో, అందులో ఏమి పడిందన్నది ఫొటో పలకను కడిగాక గానీ తెలిసేది కాదు.

అమెరికాలో విలియం ఎడ్డీ 1895లో గాలిపటం నుంచి ఫొటోలు తీశాడు. ఆ దేశంలోనే పదకొండేళ్ల తర్వాత జార్జ్ లారెన్స్ ఈ విద్యను ఊహకందని పరిమాణానికి తీసుకుపోయాడు. 1906 ఏప్రిల్ 18న వచ్చిన భూకంపమూ దాని వెంట రేగిన మంటలూ శాన్‌ఫ్రాన్సిస్కోను నాశనం చేశాక, మే నెలాఖరులో ఆయన ఒకే దారానికి వరుసగా పదిహేడు గాలిపటాలు కట్టి, సుమారు 22 కిలోల బరువున్న కెమెరాను దాదాపు 600 మీటర్ల ఎత్తుకు పంపాడు. వత్తికి బదులు దారం వెంట పోయే తీగలో విద్యుత్తు పంపి షట్టరును కదిలించాడు. సముద్రం మీది నుంచి చూసినట్టు, శిథిలమైన నగరమంతా ఒకే పొడవాటి ఫొటోలో పడింది. లారెన్స్ గాలిపటాల వైపు తిరగడానికి ఒక కారణముంది: అంతకు కొన్నేళ్ల ముందు షికాగోలో ఆయన ఎక్కిన బెలూన్ బుట్ట తెగిపోగా, టెలిఫోన్ తీగల్లో చిక్కుకుని ప్రాణాలతో బయటపడ్డాడు.

ఉట్టి చేయగలిగినది, చేయలేనిది

కెమెరాను పటానికే బిగించడంలోని లోపం తేలికగా ఊహించవచ్చు. పటం గాలిలో ఎంత స్థిరంగా కనిపించినా క్షణక్షణం ముక్కు ఎత్తుతుంది, దించుతుంది, పక్కలకు ఊగుతుంది. కెమెరా ఆ కుదుపులన్నింటిలోనూ పాలుపంచుకుంటుంది. పైగా పటం గుద్దుకుంటే కెమెరా కూడా గుద్దుకుంటుంది. అందుకే తర్వాతివారు కెమెరాను పటం నుంచి విడదీసి, పటానికి ఇరవై ముప్పై మీటర్ల దిగువన దారానికి వేలాడదీయడం మొదలుపెట్టారు. దీనివల్ల రెండు లాభాలున్నాయి. చెట్లకూ ఇళ్లకూ తగిలి సుళ్లు తిరిగే నేల దగ్గరి గాలిని పటం ముందే దాటిపోయి, పైనున్న ఒడుదుడుకులు లేని గాలిలో స్థిరపడుతుంది; అది కొన్ని నిమిషాల పాటు కుదురుగా నిలిచిందని రూఢి చేసుకున్నాకే కెమెరాను కట్టవచ్చు. అంతేగాక పటం కుదుపు దారం వెంట కిందికి వచ్చేసరికి చాలావరకు మెత్తబడుతుంది.

అయితే దారం ఏటవాలుగా ఉంటుంది, ఆ వాలు కూడా గాలితో పాటు మారుతూ ఉంటుంది. వాలు మారినా కెమెరా మాత్రం మట్టంగా ఉండాలంటే ఎలా? పాతకాలపు వంటింట్లో దూలానికి వేలాడే ఉట్టిని గుర్తుచేసుకుంటే సమాధానంలో సగం దొరుకుతుంది. ఉట్టిని ఏ పక్కకు లాగి వదిలినా అందులోని కుండ తన బరువు వల్ల తానే నిలువునకు వచ్చి ఆగుతుంది, పెరుగు ఒలకదు. భూమ్యాకర్షణ జీతం అడగని పనివాడు కనుక, కెమెరాను ఒక బద్దకు బిగించి ఉట్టిలా వేలాడదీస్తే చాలు, మట్టం దానంతటదే సరిపోతుంది. లోలకపు వేలాడదీత అనే ఈ పద్ధతిని నేటికీ చాలామంది వాడుతున్నారు. కానీ ఉట్టికి మరో గుణం కూడా ఉంది: ఒకే బిందువు నుంచి వేలాడుతుంది కనుక అది గిరగిరా తిరుగుతుంది, ఒకసారి ఊగడం మొదలుపెడితే చాలాసేపు ఊగుతూనే ఉంటుంది. వంటింట్లో దీనివల్ల నష్టం లేదు. కెమెరాకు మాత్రం ఇదే అసలు బెడద.

ఈ బెడదకు 1912లో పియేర్ పికవే అనే ఫ్రెంచివాడు సూచించిన పరిష్కారం నూరేళ్లు దాటినా మారకుండా వాడుకలో ఉంది, ఆయన పేరుతోనే పికవే అని చలామణి అవుతోంది. దాన్ని ఇంట్లో చేసుకోవడానికి జానెడున్నర పొడవున్న రెండు అల్యూమినియం పట్టీలు గానీ గట్టి వెదురు బద్దలు గానీ చాలు. వాటిని కూడిక గుర్తు ఆకారంలో ఒకదాని మీద ఒకటి బిగించి, నాలుగు కొసల్లోనూ నాలుగు నున్నని రింగులు అమర్చాలి. పటం దారం మీద సుమారు మీటరు ఎడంతో రెండు కొక్కేలు తగిలించాలి. ఇక మిగిలినది ఒకే ఒక అల్లిక దారం: అది మొదటి కొక్కెం నుంచి ఒక కొసలోని రింగులోకి దిగి, రెండో కొక్కేనికి ఎక్కి, మరో కొస రింగులోకి దిగి, తిరిగి మొదటి కొక్కేనికి వచ్చి, ఇలా నాలుగు కొసలూ పూర్తయ్యాక తన తొలి కొసతోనే ముడిపడుతుంది. చివరికి ప్రతి కొస నుంచీ రెండు కొక్కేలకూ ఒక్కో పేట చొప్పున, మొత్తం ఎనిమిది పేటలు తేలుతాయి.

కిటుకంతా ఆ దారం ఎక్కడా కట్టుబడి లేకపోవడంలో ఉంది. పటం దారం వాలు మారి ఒక కొక్కెం పైకీ మరొకటి కిందికీ జరిగినప్పుడు, చట్రం ఒక పక్కకు ఒరగబోతుంది. వెంటనే కెమెరా బరువు వల్ల దారం రింగుల్లోంచి జారి, ఒక వైపు పేటలు పొడవై, మరో వైపువి పొట్టివై, కూడిక గుర్తు మళ్లీ మట్టానికి వస్తుంది. రెండు కొక్కేల నుంచి వేలాడుతుంది కనుక ఉట్టిలా గిరగిరా తిరగదు. రింగుల దగ్గర జరిగే రాపిడి ఊగులాటలోని శక్తిని కొద్దికొద్దిగా తినేస్తుంది కనుక ఊపు త్వరగా అణగిపోతుంది. రాపిడి మరీ ఎక్కువైతే దారం జారక చట్రం వంకరగా ఇరుక్కుపోతుంది, మరీ తక్కువైతే ఊగులాట ఆగదు. చిన్న కప్పీలు వాడాలా ఉత్త రింగులు వాడాలా అన్న వాదం అందుకే ఇంకా తెగలేదు. తేలికపాటి ఫోనుకు రింగులే నయం.

కొక్కేలను దారానికి తగిలించే తీరు కూడా పట్టించుకోదగినది. ముడి వేసిన చోట దారం బలం బాగా తగ్గుతుంది, తెగితే సరిగ్గా అక్కడే తెగుతుంది. ముడికి బదులు ఒక నున్నని కర్రముక్కకు దారాన్ని నాలుగైదు చుట్లు చుట్టి, కొసల్లో కోసిన గాట్లలో ఇరికిస్తే, ఒక్కో చుట్టుకూ పెరిగే రాపిడే ముక్కను జారకుండా పట్టి ఉంచుతుంది.

మీట నొక్కేదెవరు

వత్తి కాలం పోయింది గానీ సమస్య పోలేదు. ఇంట్లో చేసుకునే ఏర్పాట్లలో అన్నింటికన్నా చవకైనది రబ్బరు బ్యాండు: మీట మీద పెన్సిలు చెరిపే రబ్బరు ముక్క పెట్టి, దాని మీదుగా కెమెరా చుట్టూ బ్యాండు బిగించి, ఎడతెగకుండా ఫొటోలు తీసే పద్ధతిలో కెమెరాను ఉంచితే, అది మెమొరీ కార్డు నిండేదాకా తీస్తూనే పోతుంది. సెల్‌ఫోనులో అయితే నిర్ణీత వ్యవధికి ఒకసారి ఫొటో తీసే యాప్ వేసుకుంటే సరిపోతుంది. ఐదు సెకన్లకు ఒకటి చొప్పున గంటకు 720 ఫొటోలు వస్తాయి. కొన్ని పాత క్యానన్ కెమెరాలకు ఈ సౌకర్యం లేకపోయినా, సీహెచ్‌డీకే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను మెమొరీ కార్డులో ఉంచి అదే పని చేయించవచ్చు. ఇంకో మెట్టు పైన రేడియో నియంత్రణ ఉంది: బొమ్మ విమానాల్లో వాడే చిన్న సర్వో మోటార్లు రెండింటిలో ఒకటి కెమెరాను చుట్టూ తిప్పుతుంది, రెండోది పైకీ కిందికీ వంచుతుంది. చూడటానికి ముచ్చటగా ఉన్నా, మొదటిసారి చేసేవారు దీని జోలికి పోకపోవడమే మేలు. బరువూ బ్యాటరీలూ పెరిగే కొద్దీ చెడిపోయేవీ పెరుగుతాయి, వందల కొద్దీ తీసి పదింటిని ఏరుకునే పద్ధతి ఆ లోటును చాలావరకు తీరుస్తుంది.

మీట సంగతి తేలాక మిగిలేది షట్టరు ఎంతసేపు తెరిచి ఉండాలన్నది. ఫోను కెమెరా అడ్డంగా సుమారు 67 డిగ్రీల మేర చూసి, దాన్ని 4000 చుక్కలుగా నమోదు చేస్తుంది; అంటే డిగ్రీకి 60 చుక్కలు. చట్రం సెకనుకు పది డిగ్రీల చొప్పున మెల్లగా తిరుగుతోందనుకుంటే, దృశ్యం సెకనుకు 600 చుక్కలు జరుగుతుంది. సెకనులో నూరో వంతు తెరిచి ఉంచితే ప్రతి గీతా ఆరు చుక్కల మేర అలుక్కుపోతుంది. వెయ్యో వంతుకు తగ్గిస్తే ఆ అలుకుడు ఒక చుక్క లోపలే ఉండి కంటికి కనబడదు. వెలుతురు చాలని ఉదయం, సాయంత్రం వేళల్లో ఫొటోలు మసకబారడానికి కారణమిదే.

పై నుంచి కనిపించేది

అదే ఫోను 100 మీటర్ల ఎత్తు నుంచి నిట్టనిలువుగా కిందికి చూస్తే ఇంచుమించు 133 మీటర్ల పొడవూ 100 మీటర్ల వెడల్పూ గల నేల ఒక ఫొటోలో పడుతుంది, ఒక్కో చుక్క నేల మీద మూడు సెంటీమీటర్ల పైచిలుకు మేరకు సరిపోతుంది. ల్యాండ్‌శాట్ ఉపగ్రహం సాధారణ ఫొటోల్లో ఒక చుక్క 30 మీటర్లు. ఎత్తు తెలుసుకోవడం కూడా కష్టం కాదు: దారం నేలతో 45 డిగ్రీల కోణంలో ఉన్నప్పుడు కెమెరా దాకా ఉన్న దారం పొడవులో పదింట ఏడు వంతులు దాని ఎత్తవుతుంది, దారం కొద్దిగా కుంగుతుంది కనుక అసలు ఎత్తు ఇంకాస్త తక్కువే.

ఈ దగ్గరి చూపు విలువను పురావస్తు తవ్వకాలు ముందుగా గ్రహించాయి. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే సూడాన్‌లోని జెబెల్ మోయా దగ్గర హెన్రీ వెల్‌కమ్ పెట్టె ఆకారపు గాలిపటాలతో తన తవ్వకాలను ఫొటోలు తీయించాడు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ ఆచార్యుడు చార్లెస్ బెంటన్ శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలోని ఉప్పు మడులను ఏళ్ల తరబడి గాలిపటం నుంచి తీసి, 2013లో పుస్తకంగా తెచ్చాడు. ఉప్పదనం మారే కొద్దీ మడుల్లో పెరిగే సూక్ష్మజీవులు మారడం వల్ల వచ్చే ఎరుపు, ఆకుపచ్చ రంగులు గట్టు మీద నిలబడినవారికి అంతగా తెలియవు.

ఇంటి చట్రానికి అన్నింటికన్నా పెద్ద పరీక్ష 2010లో ఎదురైంది. ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు తవ్వకపు రిగ్గు పేలి, తీరానికి చమురు కొట్టుకొస్తున్న రోజుల్లో ఆ ప్రాంత గగనతలం మీద విమానాలకు ఆంక్షలు పెట్టారు. తర్వాత పబ్లిక్ ల్యాబ్‌గా రూపుదిద్దుకున్న బృందమూ స్థానిక వాలంటీర్లూ కలిసి గాలిపటాలతో, బెలూన్లతో లూసియానా తీరాన్ని ఫొటోలు తీసి, వాటిని కుట్టి మ్యాపులుగా మార్చారు. వారి చట్రం రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా: సీసాను అడ్డంగా కోసి, మూతి ఉన్న పై భాగాన్ని గొడుగులా ఉంచి, కెమెరాను దాని లోపల వేలాడదీసి, దారాన్ని మూతి గుండా పైకి తీశారు. కెమెరా నేలను తాకినా ముందు ప్లాస్టిక్కే తగులుతుంది. ఫొటోలు కుట్టాలంటే పక్కపక్క ఫొటోల్లో సగానికి పైగా నేల ఉమ్మడిగా ఉండాలి. గట్టు మలుపు, రాయి, పడవ వంటి గుర్తులను రెండింటిలోనూ పోల్చి ఒకదాని మీద ఒకటి పరుస్తారు. చట్రం మట్టంగా లేకపోతే సరిగ్గా ఇక్కడే ఇబ్బంది వస్తుంది. ఏటవాలుగా పడిన ఫొటోలో దూరపు నేల కుంచించుకుపోయి, పక్క ఫొటోతో కలవనంటుంది.

ఎగరేసే చోటు, దించే తీరు

ఈ పనికి మాంజా పనికిరాదు. గాజుపొడి పూసిన సింథటిక్ దారాన్ని 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది; నిషేధం లేకపోయినా, కిలోల బలంతో లాగే సన్నని దారం చేతిని కోసేస్తుంది. సాగుడు తక్కువగా ఉండే, 70 కిలోల పైన బరువును ఆపగల పాలిస్టర్ అల్లిక దారమూ తోలు చేతితొడుగులూ తప్పనిసరి. కరెంటు తీగలు, రోడ్లు, జనం ఉన్న చోట ఎగరేయకూడదు. కోస్తాలో మధ్యాహ్నం తర్వాత సముద్రం మీది నుంచి వచ్చే గాలికి దారిలో అడ్డేమీ ఉండదు కనుక ఇసుక తీరం మంచి చోటు, విమానాశ్రయానికీ నౌకాదళ స్థావరానికీ దూరంగా ఉన్నంత వరకు. గాలిపటం చట్టానికి అందదనుకోవడం పొరపాటు: 1934 నాటి విమాన చట్టం విమానం నిర్వచనంలో బెలూన్లతో, గ్లైడర్లతో పాటు గాలిపటాలనూ చేర్చింది, దాని స్థానంలో 2024లో వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్ కూడా ఆ నిర్వచనాన్నే కొనసాగించింది.

దించేటప్పుడు కొత్తవారు దారాన్ని గబగబా చుట్టబోతారు. అలా చుడితే పటానికి ఎదురుగాలి మరింత వేగంగా తగిలి, తోపు పెరిగి, అది ఇంకా గట్టిగా లాగుతుంది. దారాన్ని ఒక గుంజకు కట్టి, ఒకరు దాన్ని చేత్తో అదిమిపట్టి గాలి పోయే వైపుకు నడుస్తూ పోతే, పటం లాగుడు పెరగకుండానే దారం నేలకు వంగుతుంది. పటం కన్నా దిగువన ఉంటుంది కనుక ముందు చేతికందేది కెమెరాయే. దాన్ని విప్పి సంచిలో పెట్టాక పటం సంగతి తీరిగ్గా చూసుకోవచ్చు.